బుక్కెడు గింజలు

"ఒక్క గుటక నాయినా. ఉమ్మన్న మింగు. నా ముఖం జూసి ఒక్క గుటక."

నాగమణి ఎవరినైనా బతిమాలగా చూసినవాళ్లు ఆ కుటుంబంలో లేరు. మిర్యాలగూడలో ఫోన్ ఎత్తిన మనిషి చేతులు కడుక్కోకుండానే బస్సెక్కినట్టుంది, గాజులకు ఇంకా జొన్నపిండి అంటుకొని ఉంది. సూర్యాపేట దవాఖానలో తండ్రి మంచం పక్కన కూర్చొని, పిల్లలకు మందు తాగించే తల్లులు చేసినట్టు తనే గుటకలు మింగి చూపిస్తోంది.

ప్రభుదాస్ ప్రయత్నించాడు. గొంతు ముడి పైకి లేచింది, కిందికి దిగింది. వెంటనే ఒళ్లో ఉన్న స్టీలు గిన్నెలోకి వంగి, మింగాలనుకున్నదంతా ఉమ్మేశాడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రూట్లలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన "టికెట్" అంటే వెనక సీట్లో నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి జేబు తడుముకునేవాడు. మాట ఇప్పుడూ వస్తోంది, ఊపిరీ ఆడుతోంది. పొద్దున టీ కంటే ముందు బుక్కెడు గింజలు నోట్లో పోసుకున్నప్పటి నుంచి గుటక మాత్రం దిగడం లేదు.

"డాక్టరమ్మ గొట్టమేసి చూస్తనన్నది అక్కా. లోపల ఇంకో పేషెంటున్నడు. అయిపోంగనె పిలుస్తరు," అన్నాడు నాని. ట్రాక్టర్ షోరూం పని వదిలేసి వచ్చాడు, యూనిఫాం చొక్కా మీదే ఉన్నాడు.

నాగమణి లేచి నిలబడింది. బతిమాలడం అక్కడితో అయిపోయింది. తమ్ముడిని దాటి, గోడకు ఆనుకొని నిలబడ్డ మరదలు కరుణ దగ్గరకు వచ్చింది.

"ఏం వెట్టినవ్ మా నాయినకు?"

కరుణ జవాబు చెప్పేలోపే ఇంకోటి.

"గా కప్పగుడ్లేనా? మొన్నొచ్చినప్పుడు ఫ్రిజ్జుల జూసిన గదా. జిగట జిగటగ, సూస్తెనే నాకు డోకొచ్చింది. వద్దని నెత్తి నోరు కొట్టుకున్న. ఇన్నవా?"

చియా గింజలకు ఆ ఇంట్లో కప్పగుడ్లు అనే పేరు స్థిరపడిపోయింది. తను పనిచేసే స్కూల్లో పక్క క్లాసు టీచరమ్మ చెప్పిందని, ఫోన్‌లో చూశానని కరుణ రోజూ రాత్రి రెండు చెంచాలు నీళ్లలో నానబెట్టి, పొద్దున నిమ్మకాయ పిండుకొని తాగేది. పోయిన వారం ఆ గ్లాసు మీద ఇంట్లో పెద్ద రభసే జరిగింది.

"నేను మామయ్యకు పెట్టలేదు వదినా," అంది కరుణ. "నానబెట్టిన గ్లాసు ఫ్రిజ్‌లో అట్లాగే ఉంది. నేను స్కూలుకు రెడీ అయ్యి వచ్చేసరికి మామయ్య సింకు దగ్గర వంగి ఉన్నారు. ఎండు గింజల డబ్బా మూత తీసి ఉంది."

"అంటె మా నాయినే పొయ్యి దిన్నడంటవ్."

"ఆయనే చెప్పారు డాక్టర్‌కి. గుప్పెడు బుక్కాను అని."

"బుక్కిన బిడ్డా," అన్నాడు ప్రభుదాస్ మంచం మీది నుంచి. "నేనే బుక్కిన. దాన్ని అనకు."

కండక్టరు ఉద్యోగం ఆయనకు ఇచ్చిన అలవాటు అది. బస్సు నిండా జనం, ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతికి చిల్లర. కూర్చొని విస్తరేసుకొని తినే తీరిక ఎక్కడిది? పుట్నాలో పేలాలో అరచేతిలో పోసుకొని, తల వెనక్కి వాల్చి, పెదవి తగలకుండా నోట్లోకి ఎగరేసుకొని, పైన ఒక గుక్క నీళ్లు. ఇంకో స్టేజీ వచ్చేలోపు భోజనం ఖతం. రిటైరయ్యాక కూడా ఆయన పీట మీద కూర్చొని తిన్నదానికంటే నిలబడి బుక్కిందే ఎక్కువ.

కాబట్టి గొంతులోకి ఏం పోయిందో అందరికీ తెలుసు. ఎలా పోయిందో కూడా తెలుసు. కరుణకు అర్థం కానిది వేరే ఉంది. కప్పగుడ్లు అని పేరు పెట్టిందే మామయ్య. ఆ గ్లాసు కనబడితే ముఖం అటు తిప్పుకునే మనిషి. అలాంటాయన ఎవరూ లేవకముందే వంటింట్లోకి పోయి, డబ్బా వెతికి, ఆ గింజలే ఎందుకు బుక్కినట్టు?

అత్త జానమ్మ మంచానికి ఆ పక్క నిలబడి కొంగు తల మీదికి లాక్కొని ప్రార్థన చేసుకుంటోంది. కూతురు అరిచినప్పుడు కళ్లు తెరిచింది, మళ్లీ మూసుకుంది.

"ఇంత సన్నటి గింజలు గొంతుకెట్ల అడ్డంవడ్తయ్?" అన్నాడు నాని. అడిగింది భార్యనే, కానీ చూసింది నేలను. "నువ్వులంత గూడ లేవు గదా."

డాక్టరు చూపించమంటుందేమోనని కరుణ డబ్బాను బ్యాగులో వేసుకొని వచ్చింది. సమాధానం తనకూ సరిగ్గా తెలియదు. తెలియనప్పుడు ఊరుకోలేకపోవడం ఆమె జబ్బు, లెక్కల టీచరు కదా. బయట వరండాలోకి పోయి, టీ తాగిన కాగితపు గ్లాసు ఒకటి కడిగి, సగం నీళ్లు పట్టింది. డబ్బాలోంచి తను రోజూ నానబెట్టే రెండు చెంచాలు కాదు, మామ గుప్పిట్లో పట్టేంత పోసింది. వేలితో కలియబెట్టి బెంచీ మీద పెట్టుకొని కూర్చుంది.

నాని వచ్చి పక్కన నిలబడ్డాడు.

బెంచీ చివర ఒక పెద్దాయన గొంగడి మడత పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. తిరుమలగిరి నుంచి వచ్చాడట, పేరు బీరప్ప. మెడ చాచి గ్లాసులోకి చూశాడు.

"సబ్జా గింజలేనా బిడ్డా? ఎండకాలం సోడల ఏస్తరు, గవేనా?"

"అవి కాదు పెద్దయ్యా. సబ్జా నీళ్లలో పడగానే ఉబ్బుతుంది. ఇవి మెల్లగా ఉబ్బుతాయి. అందుకే చూస్తున్నా."

"మెల్లగ ఉబ్బేదే ముండమోపి పని జేసేది," అన్నాడు బీరప్ప. "గబాన ఉబ్బితె నోట్లెనే తెలుస్తది గదా. ఊంచేస్తం."

కరుణ ఆయన వైపు తిరిగి చూసింది. తనకు ఆ ఆలోచన రాలేదు.

గ్లాసులో మొదట ఏమీ కాలేదు. కొన్ని తేలాయి, కొన్ని మునిగాయి. తర్వాత ఒక్కో గింజ చుట్టూ మసక వలయం లేచింది. ఆ వలయాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. కరుణ వేలు పెట్టి కదిపితే నీళ్లన్నీ కలిసి ఒక్క ముద్దగా కదిలాయి.

ఇంకో విడత తిట్టడానికని వరండాలోకి వచ్చిన నాగమణి, తిట్టడం మరిచిపోయి వంగి చూసింది.

"ఇగో, ఇది గిట్లయితదా?"

"అయింది చూడు వదినా."

కరుణ గ్లాసును బోర్లించింది. ముద్ద అంచుదాకా జారి, అక్కడే వేలాడింది. చుక్క నీళ్లు కింద పడలేదు.

ప్రభుదాస్ గొంతులో ఆ ముద్ద ఎంత మేర ఉందో ప్రతి ఒక్కరూ మనసులో కొలుచుకుంటున్నారు. నాని చెయ్యి తెలియకుండానే తన గొంతు మీదికి పోయింది.

"థూ," అంది నాగమణి చివరకు. "దీన్నా నువ్వు రోజూ తాగేది?"

"నేను నానబెట్టి తాగుతాను. ఉబ్బడమంతా గ్లాసులోనే అయిపోతుంది. ఎండువి వేసుకొని నీళ్లు తాగితే ఇదంతా లోపల జరుగుతుంది."

"మరి గా ముక్క డబ్బ మీద రాసుంచాలె. మా నాయినకు చెప్పాలె. ఇంట్ల ముసలోళ్లున్నరని సోయుండాలె."

కరుణ డబ్బా మూత బిగించి బ్యాగులో వేసుకుంది. నిజమే కదా. పేలాలు, నువ్వులు, పుట్నాలు ఉండే అరలోనే ఈ డబ్బా కూడా పెట్టింది తను. గింజ అంటే బుక్కేదే అనుకునే ఇంట్లో.

లోపలి నుంచి నర్సు "ప్రభుదాస్ తాలూకు ఎవరు?" అని పిలిచింది.

డాక్టర్ జానకి పని ముగించి తన గదిలోకి పిలిపించేసరికి ఎండ కిటికీ దాటి టేబుల్ మీదికి వచ్చింది. నలుగురు లోపలికి వెళ్లారు, ఉన్నవి రెండే కుర్చీలు. జానమ్మను ఒక దాంట్లో కూర్చోబెట్టారు. రెండోది ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు.

"అడ్డం తీసేశాం. ముద్దను మెల్లగా కడుపులోకి తోసేశాం. గింజలే. ఇప్పుడు నీళ్లు తాగుతున్నారు," అంది డాక్టరు.

నాగమణి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆమెకు తిట్టు ముందొస్తుంది, ఏడుపు తర్వాతొస్తుంది. నాని గోడకు వీపు ఆనించి కళ్లు తుడుచుకున్నాడు. జానమ్మ "దేవా, నీకు స్తోత్రం" అని రెండు చేతులూ జోడించింది.

"గింజలే గదా మేడం!" అంది నాగమణి ఏడుపులోంచే. "నేనన్న. పొద్దట్నుంచి అంటనే ఉన్న. గింజలే, ఇంకేం లేదు."

"గింజలు అడ్డం పడ్డాయి, అది నిజమే," అంది డాక్టరు. "కానీ అవి పడ్డ చోట అన్నవాహిక సన్నబడి ఉంది. మామూలుగా ఉంటే బహుశా ఇంత గట్టిగా పట్టేసేది కాదు. అక్కడ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తున్నాను. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది."

నాని గోడ నుంచి వీపు తీశాడు.

"ముక్క అంటె?" అన్నాడు నాని.

"సన్నబడటానికి చాలా కారణాలుంటాయి. ఏళ్ల తరబడి పులితేన్పులు ఉన్నా అవుతుంది. వేరేది కూడా కావచ్చు. చూడకుండా నేను ఏ మాటా అనను." డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఒకటి చెప్పండి. ఇంతకుముందు ఎప్పుడైనా మింగడానికి ఇబ్బంది పడ్డారా? రొట్టె, మాంసం, అలాంటివి?"

"లేదు మేడం. గట్టి మనిషి," అన్నాడు నాని.

"బరువేమైనా తగ్గారా?"

"ఎండకాలం గదా మేడం, అందరం తగ్గుతం," అంది నాగమణి.

డాక్టరు జానమ్మ వైపు చూసింది. జానమ్మ కొంగు అంచులోని దారప్పోగు ఒకటి లాగుతూ ఉంది.

"ఏం లేదమ్మా. అంత ఆ గింజలే."

"సరే. ఆలోచించుకొని చెప్పండి. కొన్నాళ్ల నుంచి ఉంటే గనక నేను రిపోర్టు కోసం ఆగను, ఈరోజే స్కాన్ తీయిస్తాను. ఇవాళే మొదలైతే సాయంత్రం ఇంటికి పంపించేస్తాను. అందుకే అడుగుతున్నా."

వాళ్లు బయటకు రాబోతుంటే కరుణ ఆగింది. "మేడం, మామయ్య బీపీ మాత్ర వేసుకుంటారు. దానికీ ఈ గింజలకూ ఏమైనా..."

నాగమణి పళ్లు కొరికింది. కరుణ పట్టించుకోలేదు.

"మంచి ప్రశ్న," అంది డాక్టరు. "ఎక్కువ తింటే బీపీనీ షుగర్‌నీ కొంచెం దించవచ్చు. మాత్రలు వాడేవాళ్లకు రెండూ కలిసి మరీ తగ్గిపోవచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు కూడా డాక్టర్‌ను అడక్కుండా రోజూ తినకూడదు. నీళ్లు సరిపడా తాగకపోతే కడుపు ఉబ్బడం, మలబద్ధకం. అంతేగానీ అది విషం కాదమ్మా. బాగా నానబెట్టి, కొంచెంగా తినేవాళ్లు మామూలుగా తింటూనే ఉన్నారు. మింగడానికి ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం అసలు ముట్టుకోకూడదు."

చివరి మాట ఆవిడ మామూలుగానే చెప్పింది. కరుణ చెవిలో అది ఉండిపోయింది.

వరండాలోకి రాగానే నాగమణి మళ్లీ తన గొంతు తెచ్చుకుంది.

"ఇన్నవా తమ్మీ? ఇబ్బంది ఉన్నోళ్లు ముట్టొద్దంట. మా నాయినకు ఏ ఇబ్బంది లేకుండె. ఇది తెచ్చి వెట్టింది ఇబ్బంది."

"ఇగ ఆ గింజలు మన ఇంట్ల కనవడొద్దు," అన్నాడు నాని భార్యతో.

"మీరూ అదే అంటున్నారా?"

"ఏమనాలె మరి? మా నాయిన సచ్చి బతికిండు."

ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. కరుణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోదాడ నుంచి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి "మీ కోదాడోళ్లు" అనిపించుకుంది, మాట తీరుకు నవ్వులపాలైంది. ఇవన్నీ ఒక ఎత్తు. మొగుడు అక్క పక్కన నిలబడి మాట్లాడటం ఒక ఎత్తు.

"నీ వల్లనే," అంది జానమ్మ. కోపంగా అనలేదు. బెంచీ మీద కూర్చుంటూ, ఎవరికో చెబుతున్నట్టు అంది. "అంత నీ గింజల వల్లనే. ఇంకేం లేదు. సాయంత్రం ఇంటికి పోతం."

కరుణ ఆ ముగ్గురినీ చూసింది. అందరూ తిడుతున్నారు, కానీ ఒక్కరి ముఖంలోనూ పొద్దుటి భయం లేదు. నాగమణి బిస్కెట్ ప్యాకెట్ విప్పుతోంది. నాని షోరూంకు ఫోన్ చేసి రేపు వస్తానంటున్నాడు. గింజలే దోషులైతే ఇంటికి వెళ్లిపోవచ్చు. గింజలు కాకపోతే ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ ముగ్గురికీ తన తప్పు కావాలి. ఆ సంగతి తెలిశాక కోపం తగ్గలేదు గానీ, ఏడుపు ఆగింది.

ప్రభుదాస్‌ను పక్క గదిలో పడుకోబెట్టారు. కరుణ లోపలికి వెళ్లేసరికి మంచం మీద కూర్చొని గ్లాసులో నీళ్లను కొద్దికొద్దిగా తాగుతున్నాడు. చేతి గడియారం మణికట్టు దాటి మోచేతి దాకా జారింది. దాన్ని మళ్లీ కిందికి తోసుకున్నాడు. ఆ గడియారం ఒకప్పుడు ఆయన చేతికి బిగుతుగా ఉండేది.

"వాళ్లు తిట్టిన్రా బిడ్డా?"

"తిట్టారు."

"నా కోసం పడ్డవ్."

"మామయ్యా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి." కరుణ స్టూలు దగ్గరకు లాక్కుంది. "కప్పగుడ్లని పేరు పెట్టింది మీరు. ఆ వాసనే పడదన్నారు. పొద్దున్నే లేచి ఎందుకు బుక్కారు?"

"ఆకలైంది."

"పక్కనే పుట్నాల డబ్బా ఉంది."

ప్రభుదాస్ నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకొని అందులోకి చూస్తూ కూర్చున్నాడు. టికెట్ తీసుకోకుండా దాక్కున్నవాడు పట్టుబడ్డప్పుడు చేసే ముఖం ఎన్నోసార్లు చూసిన మనిషి. ఇప్పుడు ఆ ముఖం ఆయనకే వచ్చింది.

"పుట్నాలు దిగుతలేవు బిడ్డా."

కరుణ స్టూలు ఇంకొంచెం ముందుకు జరిపింది.

"క్రిస్మస్ నాడు కేకు ముక్క గొంతుల ఆగింది. అరుగలేదేమొ అనుకున్న. తర్వాత రొట్టె ఆగవట్టె. రొట్టె బంద్ జేసిన. ఇగ మీరు లేవకముందు రోజు ఏదో ఒకటి బుక్కి సూసుడే. పుట్నాలు సూసిన, దిగలె. మరమరాలు సూసిన. ఒకనాడు దిగుతయ్, ఒకనాడు దిగవు. దిగిన్నాడు నాకేం లేదు అనుకునుడు. దిగని నాడు రేపు సూద్దాం అనుకునుడు."

"ఇవాళ?"

"ఇయ్యాల నీ డబ్బ కనవడ్డది. ఇసుక లెక్క సన్నగున్నయ్. గివి గూడ దిగకపోతయా అనుకున్న. దిగితె నా గొంతు మంచిగున్నట్టే. గందుకని గుప్పెడు బుక్కి, నీళ్లు తాగిన." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "ఉబ్బుతయని నాకేమెర్క?"

అన్ని గింజల్లో సన్నవి చూసి ఏరుకున్నాడు. గొంతుకు పరీక్ష పెట్టుకుంటూ, తను ఓడిపోని పరీక్ష పెట్టుకోవాలని చూశాడు. కరుణకు జాలి రావాలి. కోపం వచ్చింది.

"డాక్టర్ దగ్గరకు పోవచ్చు కదా మామయ్యా! అన్ని నెలలు!"

"మా రాములన్న గిట్లనే మొదలైండు." ప్రభుదాస్ గొంతు తగ్గించాడు. "రొట్టె ఆగింది, అన్నం ఆగింది, ఆఖరికి జావ గూడ దిగలె. నేనే సూసుకున్న గదా దగ్గరుండి. డాక్టర్ రోగం పేరు చెప్పేదాంక మంచిగనే ఉండె మనిషి. పేరు చెప్పినంక ఎక్కువ దినాలు లేడు. అది నా నెత్తిల వడ్డది."

"పేరు చెప్పినందుకు కాదు ఆయన పోయింది. డాక్టర్ దగ్గరకు ఆలస్యంగా వెళ్లినందుకు."

"నువ్వు చదువుకున్నదానివి. నాకు తెల్వదా గంత?" ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్తకేం తెల్వదు బిడ్డా. తెలిస్తె గుండె పగిలి సస్తది. నానిగాడు ఆగం అయితడు. నాగి నోట్లె నువ్వుగింజ నానదు, మిర్యాలగూడ మొత్తం చాటిస్తది. గింజల వల్లనే అని అందరు నమ్మిన్రు. నమ్మనీ. నాలుగు దినాలు తిట్లు వడు. రిపోర్టు వచ్చినంక ఎట్లుంటె గట్ల."

"డాక్టర్ ఇవాళే స్కాన్ చేస్తానంది. ముందు నుంచి ఉందని చెబితే."

"అందుకే చెప్పకు."

కరుణ చెయ్యి విడిపించుకోలేదు. ఈ ఇంట్లో ఆమెను పేరుతో కాక బిడ్డా అని పిలిచింది ఈయన ఒక్కడే. ఈయన అడిగింది ఇన్నేళ్లలో ఇదొక్కటే. ఇస్తే ఆయన ఈ సాయంత్రం నవ్వుతూ ఇంటికి వస్తాడు. ఇవ్వకపోతే తన ముఖం చూడకపోవచ్చు.

బయట అడుగుల చప్పుడైంది. డాక్టర్ జానకి లోపలికి వచ్చింది, వెనక నాని, నాగమణి, చివరగా జానమ్మ.

"ఎలా ఉంది పెద్దాయనా?"

"మంచిగుంది మేడం. ఇంటికి పోతం."

"నీళ్లు దిగుతున్నాయా?"

"దిగుతున్నయ్. మొత్తం దిగుతున్నయ్."

డాక్టరు కాగితం మీద ఏదో రాయబోతూ ఆగింది. "ఇంకోసారి అడుగుతున్నా. ఇవాళ్టి కంటే ముందు ఎప్పుడూ ఇలా ఆగలేదు కదా?"

"లేదు మేడం," అన్నాడు ప్రభుదాస్.

"లేదు మేడం," అన్నాడు నాని.

పెన్ను కాగితాన్ని తాకింది. కరుణ మామ వైపు చూసింది. ఆయన కళ్లు వద్దంటున్నాయి. ఒక్క మాట మీద రెండు ప్రాణాలున్నాయని ఆమెకు అనిపించింది, ఒకటి ఆయనది, ఒకటి ఆ ఇంట్లో తనది.

"క్రిస్మస్ నుంచి ఉంది మేడం," అంది కరుణ. "ముందు కేకు ఆగింది. తర్వాత రొట్టె. పుట్నాలు కూడా దిగట్లేదు. బరువు కూడా తగ్గారు, ఆ చెయ్యి చూడండి."

ప్రభుదాస్ కళ్లు మూసుకొని గోడవైపు తిరిగాడు.

"నీకు తెల్సా?" నాగమణి గొంతు మొదట మెల్లగా వచ్చింది, తర్వాత గది నిండింది. "క్రిస్మస్ సంది తెల్సి, గా గింజలు ఇంట్ల వెట్టినవా? తెల్సి వెట్టినవా కరుణా?"

"ఇప్పుడే తెలిసింది వదినా. ఇప్పుడే చెప్పారు మామయ్య."

"గింతసేపు వరండల నిలవడి ఒక్క ముక్క అనలె నువ్వు!"

"కరుణా," అన్నాడు నాని. అంతే అన్నాడు. అరిచినా బాగుండేది. ఆ చూపులో ప్రశ్న ఉంది, నమ్మకం లేదు. కరుణకు మామయ్య ఒక్క మాట అంటే చాలు, నేనే చెప్పిన అంటే చాలు. ఆయన గోడవైపే ఉన్నాడు.

"ఇక్కడ అరవకండి," అంది డాక్టరు. "క్రిస్మస్ నుంచి అంటే నేను..."

"క్రిస్మస్ గాదమ్మా."

ఆ మాట జానమ్మది. తలుపు దగ్గర నిలబడి, కొంగు రెండు చేతులతో పట్టుకొని ఉంది.

"అంతకు ముందు సంది. దసరా సెలవులకు నాగి పిల్లలొచ్చిన్రని గారెలు జేసిన. ఒక గారె నోట్లె వెట్టుకొని పెరట్లకు వొయ్యి కక్కిండు. కిటికీల కెల్లి సూసిన నేను. ఆ దినం సంది అన్నం మెత్తగ వండుతున్న, కూర పిసికి వేస్తున్న. అన్నం జావైందని మీరందరు నవ్విన్రు. నవ్వనీ అనుకున్న. ఉపవాసాలున్న. ప్రార్థన జేయించిన, ఎవరికోసమో చెప్పకుండ." ఆమె కోడలి వైపు చూడలేదు, చూడలేకపోయింది. "దానికేం తెల్వదు. దాని గింజలని అన్న గదా, కావాలనే అన్న. గింజలే కావాలని అన్న."

నాగమణి మంచం చివర కూలబడింది. నాని తల్లి దగ్గరకు ఒక అడుగు వేసి, ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాడు.

డాక్టర్ జానకి అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది. స్కాన్ గది వాళ్లతో మాట్లాడి, ఇప్పుడే పంపిస్తున్నానని చెప్పింది. నర్సు వీల్‌చైర్ తోసుకొచ్చి మంచానికి ఆనించి పెట్టింది.

ప్రభుదాస్ గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. వీల్‌చైర్‌ను చూడలేదు, డాక్టరును చూడలేదు. జానమ్మను చూశాడు. దసరా నుంచి తను ఆమె దగ్గర దాచానని అనుకున్నదంతా, ఆమె తన కంచంలో రోజూ మెత్తగా చేసి పెడుతూనే ఉంది.

"ఇన్ని దినాలు సూసుకుంట... ఎందుకు అడగలేవే నన్ను?"

జానమ్మ కొంగు వదిలేసింది.

"అడిగితె నువ్వు చెప్తవని."